ఫ్రీజరూ, మా అత్తగారి జాడీలూ

బొబ్బిలి నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. ఈమధ్యనే రెండు తలుపుల ఫ్రిజ్ కొన్నారట. "పై అరలో ఐసు ముక్కలు తప్ప ఏమీ పెట్టడం లేదు. కూరలూ, చేపలూ చవకగా వున్నప్పుడు కొని అందులో దాచుకొంటే నిజంగా డబ్బు మిగులుతుందా? లేక యిదంతా గొప్పలకేనా?" అని అడిగారు.

మిగులుతుందమ్మా. అయితే ఎలా మిగులుతుందో చెప్పేముందు, నా చేతుల్లో ఎలా పోయిందో చెప్పాలి. ఆ సంగతి దాచి మీకు సలహాలు చెబితే, మా యింట్లోవాళ్లే నవ్వుతారు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పలాసకు దగ్గరలో, సముద్రపు గాలి తగిలే పల్లె. చుట్టూ కొబ్బరి, జీడిమామిడి, పనస. 2017 దసరాకు ఫ్రిజ్ కొన్నాం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఫ్రీజరులో నేను కుక్కని వస్తువు లేదు. సంక్రాంతి రోజుల్లో పచ్చిబఠాణీ, ఎండాకాలంలో పనసపొట్టు, మామిడి కోరు, చేపలామె తట్టలో మిగిలిపోయిన రొయ్యలు - అన్నీ అందులోకే.

మా అత్తగారు మాత్రం తన పద్ధతి మానలేదు. ఎండలు ముదరగానే మేడమీద చాపలు పరిచి గుమ్మడి వడియాలు, వంకాయ ఒరుగులు, మామిడి ఒరుగులు పెట్టి, జాడీలకూ డబ్బాలకూ ఎత్తేవారు. ఒకరోజు నా ఫ్రీజరు కేసి చూసి, "ఏటే, అన్నీ ఆ పెట్టిలోనే కూరుతున్నావు. కరెంటు పోతే ఏటి సేత్తావు?" అన్నారు.

"పోయినా గంటలో వచ్చేస్తుంది లెండి, అత్తయ్యా" అన్నాను.

2018 అక్టోబరు 10న దేవీ నవరాత్రులు మొదలయ్యాయి. ఆ మర్నాడు, 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడివున్నాయి. కరెంటు స్తంభాలు వరసగా నేలకొరిగాయి. మా వీధిలో మళ్లీ దీపం వెలగడానికి పన్నెండు రోజులు పట్టింది.

ఆ మొదటిరోజే నేను పెద్ద పొరపాటు చేశాను. గంటకొకసారి ఫ్రీజరు తలుపు తీసి, చల్లదనం వుందో లేదో చెయ్యిపెట్టి చూశాను. తలుపు తీసిన ప్రతిసారీ లోపలి చలి బయటికి పోయి, బయటి వేడి లోపలికి పోతుందని అప్పుడు తోచలేదు. నిండుగా వున్న ఫ్రీజరు తలుపు తీయకుండా వుంచితే, కరెంటు లేకపోయినా సుమారు 48 గంటలు చలి నిలుపుకొంటుంది. సగమే నిండివుంటే 24 గంటలు. కింది అరల్లో మాత్రం నాలుగు గంటలే. ఇది నేను తరువాత తెలుసుకొన్నాను. మూడోరోజుకు ఇల్లంతా వాసన. పెరట్లో గొయ్యి తీసి, నా పది నెలల పొదుపునూ పాతిపెట్టాం.

ఆ పన్నెండు రోజులూ మా యింటినే కాదు, పక్క రెండిళ్లవాళ్లను కూడా ఆదుకొన్నవి అత్తగారి జాడీలే. కట్టెలపొయ్యి మీద అన్నం, ఒరుగుల పులుసు, వడియాలు. "నే సెప్పలేదేటి?" అని ఆవిడ ఒక్కమాటయినా అనలేదు. చివరికి నేనే, "ఇక ఆ ఫ్రీజరు జోలికి పోను, అత్తయ్యా" అన్నాను. దానికావిడ, "ఎందుకు పోవు? కరెంటొచ్చాక మళ్లీ ఎట్టుకో. అన్నీ అందులోనే ఎట్టకు, అంతే" అన్నారు.

ఆ మాట విలువ నెల తిరక్కుండానే తెలిసింది. మా పెరట్లో పదకొండు కొబ్బరిచెట్లుండేవి; రెండు మిగిలాయి. నాటురకం మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి. పెరటికాయ వున్న రోజుల్లో సగం చిప్ప బూజుపట్టినా విసిరేసేదాన్ని. ఇప్పుడు కాయ కొనాలి. అప్పటినుంచి కొట్టిన ప్రతి కాయనూ కోరి, పిడికెడేసి పొట్లాలుగా ఫ్రీజరులో పెట్టడం అలవాటు చేసుకొన్నాను. నాలుగైదు నెలలు నిక్షేపంలా వుంటుంది. ఫ్రీజరు నాకు నిజంగా డబ్బు మిగిల్చింది అప్పుడే.

అత్తగారి జాడీకీ, నా ఫ్రీజరుకూ మూలసూత్రం ఒకటే. ఆహారాన్ని పాడుచేసే సూక్ష్మజీవులు బతకడానికి నీరు కావాలి. ఎండ ఆ నీటిని తీసేస్తుంది. విజయనగరం జిల్లా భీమాలిలో మామిడి తాండ్ర చేసేవాళ్లు రసాన్ని పొరలుపొరలుగా ఎండబెట్టేది యిందుకే. ఫ్రీజరేమో ఆ నీటిని గడ్డకట్టించి వాటికి అందకుండా చేస్తుంది. తేడా ఒక్కటే: ఫ్రీజరులో సూక్ష్మజీవులు చాలామటుకు చావవు, నిద్రపోతాయి. చలి తగ్గగానే లేస్తాయి. అందుకే కరిగిన రొయ్యలను బల్లమీద గంటలకొద్దీ వుంచకూడదు. ముందురోజు రాత్రే కింది అరలోకి దించుకోవాలి.

మరో రహస్యం వేగంగా గడ్డకట్టించడం. అమెరికావాసి క్లారెన్స్ బర్డ్స్ఐ 1910 దశకంలో కెనడా తీరాన లాబ్రడార్‌లో వున్నప్పుడు, అక్కడివారు పట్టిన చేప ఆ గాలికి చూస్తుండగానే గట్టిపడటం, నెలల తరువాత వండినా తాజాగా వుండటం గమనించాడు. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద మంచుపలుకులు ఏర్పడి కండను చీలుస్తాయి; త్వరగా గడ్డకడితే పలుకులు సన్నంగా వుంటాయి. ఆ కిటుకుతో గడ్డకట్టించిన ఆహారం 1930లో అమెరికా దుకాణాలకెక్కింది. మనం నేర్చుకోవలసింది ఏమిటంటే, రెండు కిలోల రొయ్యలు ఒకే ముద్దగా పెట్టకూడదు. ఒకపూట కూరకు సరిపడేంత, పలచటి పొట్లాలుగా పెట్టాలి.

బొబ్బిలి సోదరికి నా పద్ధతులు చెబుతాను. బఠాణీలను మరిగే నీళ్లలో రెండు నిమిషాలుంచి, వెంటనే చన్నీళ్లలో వేసి, గుడ్డమీద తడి ఆర్చి, పళ్లెంలో పరచి గడ్డకట్టించాక సంచిలో పోయండి. గింజ గింజ విడివిడిగా వస్తుంది. పనసపొట్టును పసుపు, ఉప్పు వేసి ఒక ఉడుకు రానిచ్చి, పిండి పొట్లాలు కట్టండి. కొట్టిన చెయ్యి నొప్పి ఒక్కరోజుతో పోతుంది, కూర నాలుగుసార్లు వస్తుంది. వండిన పప్పు, కూర మిగిలితే చల్లారిన వెంటనే, రెండు గంటలు దాటకుండా పెట్టేయండి. పెరుగు, దోసకాయ, బంగాళదుంప కూర పెట్టకండి. విరిగిపోవడమో, నీళ్లవడమో, పిండిపిండిగా మారడమో జరుగుతుంది. సీసా నిండా ద్రవం పోసి పెట్టకండి. గడ్డకడితే నీరు ఉబ్బుతుంది, సీసా పగులుతుంది.

ప్రతి పొట్లం మీదా తేదీ వ్రాయండి. చవకగా వచ్చిందని కొని, దాచి, మరిచిపోయి, ఆరునెలలకు పారవేస్తే అది పొదుపు కాదు, ఆలస్యంగా చేసిన దుబారా. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో వృథా అయిన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులు. అందులో దాదాపు 60 శాతం హోటళ్లలోనో, దుకాణాల్లోనో పోయింది కాదు, మనలాంటివాళ్ల యిళ్లలో పోయింది. ఇక, ఎలాగూ నడుస్తున్న ఫ్రిజ్‌లో ఖాళీ అరను వాడుకోవడం లాభమే గాని, నలుగురున్న సంసారానికి వేరే డీప్ ఫ్రీజరు కొంటే, దాని ఖరీదూ, కరెంటు బిల్లూ కలిపి మిగిలినదంతా మింగేస్తాయి. ఒకే తలుపున్న ఫ్రిజ్‌లోని చిన్న ఐసు గది నెలల తరబడి దాచడానికి చాలదు. అందులో పెట్టినవి వారంలోగా వాడెయ్యండి.

మనది తుపాన్ల తీరం కాబట్టి మరో రెండు మాటలు. ఒక గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజరులో వుంచండి. ఊరికి వెళ్లి వచ్చాక బిళ్ల అడుగున కనబడితే, మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట, పారవేయండి. తుపాను హెచ్చరిక రాగానే ఖాళీ జాగాలో నీళ్ల డబ్బాలు కాస్త వెలితిగా నింపి పెట్టండి. కరెంటు పోయాక తలుపు తీయకండి. రెండోరోజుకూ రాకపోతే, చలి వుండగానే అన్నీ తీసి వండి, ఇరుగుపొరుగులను పిలవండి. గొయ్యి తీసే అవసరం వుండదు.

ఇప్పుడు మా యింట్లో ఫ్రీజరులో కొబ్బరి వుంది. దాని పక్కనే అలమరలో వడియాల డబ్బా వుంది. మేడమీద చాపలు పరిచేది ఇప్పుడు నేను. అత్తగారు నీడలో కూర్చుని కాకులను తోలుతూ, "ఆ మూల పలచగా ఎట్టేవు" అని తప్పులు చెబుతుంటారు. మీ యిళ్లలో ఏవి ఎలా దాచుకొంటారో నాకు వ్రాయండి. మరో వారం ముచ్చటించుకొందాం.