అగ్గువ బండి, అసలు వెల

బచ్చన్నపేట కూడలిలో ఉదయమున ఒక గడియసేపు నిలిచి చూచిన వానికి ఈ ప్రాంతపు సంసారముల స్థితిగతులను గూర్చి వేరుగా గణాంకములు చదువవలసిన పని యుండదు. పాలక్యానులు వ్రేలాడు బండ్లు, ఎరువుల బస్తాను మోయుచున్న బండ్లు, ముందు బిడ్డను, వెనుక ఇల్లాలిని కూర్చుండబెట్టుకొని జనగామ త్రోవ పట్టిన బండ్లు ఒకదాని వెంట ఒకటి సాగుచుండును. వానిలో ఒకరిద్దరు యజమానులను ఇదివరకే చూచినవి తక్కువ కావు.

వాని నంబరు ప్లేట్లే ఒక చిన్న చరిత్ర పుస్తకము. ఏపీ 36 అని యున్నది ఉమ్మడి రాష్ట్రములో వరంగల్లు జిల్లా యున్న నాటిది. టీఎస్ 03 అని యున్నది 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాతిది. 2016 అక్టోబరు 11న జనగామ జిల్లా వచ్చినది. దానితోపాటు టీఎస్ 27 వచ్చినది. 2024 మార్చి నుండి కొత్తగా రిజిస్టరగు బండ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చినది. పాత బండి కొనదలచిన వాడు ఈ అక్షరములను చదువ నేర్చుకొనుట మంచిది. అవి బండి వయస్సును చెప్పును. వయస్సు ధరను చెప్పును.

"పెట్రోలు ఖర్చు భరింపలేకున్నాము, అగ్గువలో ఒక పాత బండి కొనవలెను, ఏది కొందుము?" అను ప్రశ్న నేడు ఇంటింటను వినవచ్చుచున్నది. ఇది సాహిత్యానుబంధములో చర్చింపదగినంత ఘనమైన విషయమా యని కొందరు పాఠకులు నవ్వవచ్చును. కాని ప్రభుత్వముల పన్నులు, న్యాయస్థానముల తీర్పులు, ఇంధన విధానములు అన్నియు కలిసివచ్చి తుదకు సామాన్యుని జేబును తాకు చోటు ఈ ప్రశ్నయే. కావున దీనిని కొంచెము నిదానముగా పరిశీలింతము.

మొదట పెట్రోలు సంగతి. 2010 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము పెట్రోలు ధరపై తన అదుపును తొలగించినది. 2017 జూన్ 16 నుండి దేశమంతట ధర దినదినమును మారు పద్ధతి అమలులోనికి వచ్చినది. 2021 జూన్‌లో హైదరాబాదున లీటరు వెల నూరు రూపాయలు దాటినది. 2022 మే నెలలో కేంద్రము ఎక్సైజు సుంకమును ఎనిమిది రూపాయలు తగ్గించినది. 2024 మార్చిలో మరి రెండు రూపాయలు తగ్గగా, హైదరాబాదు ధర 107 రూపాయల పైచిలుకున నిలిచినది. కేంద్రపు సుంకము పైన రాష్ట్రము వేయు వ్యాట్ 2015లో 35.2 శాతమునకు పెరిగినది. ముడిచమురు వెల ఎక్కడనో నిర్ణయమగును. పన్నులు ఢిల్లీలోను, హైదరాబాదులోను నిర్ణయమగును. బచ్చన్నపేట వాని చేతిలో మిగిలినవి రెండే: ఎంత దూరము పోవుట, ఏ బండిపై పోవుట.

ఈ రెండింటిలో మొదటిదానిని మరచి రెండవదానిని గూర్చియే అందరును మాటలాడుదురు. తప్పు ఇక్కడనే మొదలగుచున్నది. లెక్క కొరకు లీటరు 107 రూపాయలుగా తీసికొందము. ఒకడు పని మీద దినమునకు ముప్పది కిలోమీటర్లు తిరుగుననియు, నెలకు ఇరువదియారు దినములు తిరుగుననియు అనుకొందము. మొత్తము 780 కిలోమీటర్లు. లీటరుకు నలువది కిలోమీటర్లిచ్చు బరువైన బండి నెలకు రమారమి 2,086 రూపాయల పెట్రోలు త్రాగును. అరువది ఇచ్చు తేలిక బండి 1,391 రూపాయలతో సరిపెట్టుకొనును. నెలకు మిగులు 695 రూపాయలు. ఇరువదియైదు వేలు పెట్టి పాత బండి కొన్నచో మూడేండ్లకు ఆ సొమ్ము తిరిగి వచ్చును. ఇట్టి వానికి బండి మార్చుట తెలివియే.

ఇప్పుడు రెండవ వానిని చూడుడు. ఇతడు ఇంటి నుండి పొలమునకు, పొలము నుండి అంగడికి దినమునకు ఐదు కిలోమీటర్లు మాత్రమే తిరుగును. అవే రెండు బండ్లు, అదే ధర. ఇతనికి నెలకు మిగులునది 116 రూపాయలు. ఇరువదియైదు వేలు తిరిగి రాబట్టుకొనుటకు దాదాపు పదునెనిమిది సంవత్సరములు పట్టును. ఆ పాత బండి అంతకాలము బ్రతుకుననుట దురాశ. తన వద్ద నున్న బండిని బాగుచేయించుకొనుటయే ఇతనికి లాభము. ఉన్న బండిని మంచి ధరకు అమ్మి, తక్కువకు వేరొకటి కొనువాని లెక్క కొంత మారును, నిజమే. కాని లెక్క వేయక కొనువాడు ఆదా చేయుచున్నానను సంతోషమును కొనుచున్నాడే గాని, ఆదాను కాదు.

లెక్క సరిపోయినవాడు ఏ బండిని వెదకవలెను? 1985లో హీరో హోండా వారి సీడీ 100 వచ్చుటకు ముందు మన త్రోవలను ఏలినవి రాజ్‌దూత్, యెజ్డీ వంటి రెండు స్ట్రోకుల మోటారు సైకిళ్లు. నాలుగు స్ట్రోకుల చిన్న ఇంజను తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము పోగలదని ఆ బండి జనులకు చూపినది. 1994లో వచ్చిన స్ప్లెండర్ ఆ నమ్మకమును పల్లెపల్లెకు చేర్చినది. నేటికిని తిరుగుటకు నూరు, నూటపది సీసీల బండియే పొదుపరి. నూటయేబది సీసీల బండి యువకుని కంటికి ఇంపు; తండ్రి జేబుకు బరువు. బస్తాలు మోయవలసిన రైతునకు టీవీఎస్ ఎక్సెల్ వంటి మోపెడు ఉపయోగపడును.

మరియొక గీటును కూడ గుర్తింపవలెను. 2020 ఏప్రిల్ 1 నుండి దేశములో బీఎస్ 6 ప్రమాణముల బండ్లు మాత్రమే కొత్తగా అమ్ముడగుచున్నవి. వానితో కార్బురేటరు పోయి, పెట్రోలును కొలిచి చిమ్ము ఇంజెక్షను పద్ధతి వచ్చినది. గీటుకు ఇవతలి బండి పొగ తక్కువ విడుచును. కాని దానికి జబ్బు చేసినచో సెన్సరులను పరీక్షించు పరికరము కావలెను. గీటుకు అవతలి బండిని ఊరి మెకానిక్కు చెట్టు క్రిందనే విప్పి బిగించగలడు. పట్టణమునకు దూరముగా నుండు వానికి ఈ భేదము చిన్నది కాదు.

అయితే పాత కార్బురేటరు బండికి నేడొక కొత్త చిక్కు వచ్చినది. 2025 నాటికి పెట్రోలులో ఇరువది పాళ్లు ఇథనాలు కలుపుట దేశమంతట ఆచరణలోనికి వచ్చినది. చెరకు, మొక్కజొన్న, బియ్యము మొదలగు వాని నుండి తీయు ఈ ఇథనాలు వలన దిగుమతుల భారము తగ్గునని ప్రభుత్వము చెప్పుచున్నది. అందు సత్యము లేకపోలేదు. కాని ఇథనాలులోని శక్తి పెట్రోలులో నున్నదానికన్న సుమారు మూడవ వంతు తక్కువ. 2021లో నీతి ఆయోగ్ ప్రకటించిన నివేదికయే, ఈ మిశ్రమమునకై నిర్మింపబడని ద్విచక్ర వాహనములలో మైలేజీ మూడు నాలుగు శాతము తగ్గవచ్చునని అంచనా వేసినది. కొన్ని పాత వాహనములలో ఇరువది ముప్పది వేల కిలోమీటర్ల పిదప రబ్బరు భాగములు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చునని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియము శాఖ కూడ అంగీకరించి, ఆ ఖర్చు స్వల్పమని చెప్పినది. స్వల్పమే కావచ్చును, కాని స్వల్పమును చెల్లించువాడెవడో చెప్పలేదు. పాత బండి కొనువాడు పెట్రోలు గొట్టములను, ట్యాంకు అడుగు తుప్పును చూచి, ఆ స్వల్పమును ముందే బేరములో తగ్గించుకొనవలెను.

బేరమునకు మరియొక ఆధారము గలదు. 2025 సెప్టెంబరు 22 నుండి మూడువందల యేబది సీసీల వరకు గల కొత్త మోటారు సైకిళ్లపై జీఎస్టీ ఇరువదియెనిమిది నుండి పదునెనిమిది శాతమునకు దిగినది. కొత్తదాని వెల దిగినప్పుడు పాతదాని వెలయు దిగవలెను గదా! నిరుటి ధర చెప్పు అమ్మకందారునకు ఈ మాటను మెల్లగా గుర్తుచేయవచ్చును.

బండిని చూచుటకు చల్లని ఇంజనున్న వేళ పోవలెను. ముందే వేడిచేసి యుంచిన ఇంజను తన రోగమును దాచుకొనును. పొగ నీలి రంగున వచ్చినచో లోపల ఆయిలు కాలుచున్నదని అర్థము. కిలోమీటర్ల అంకెను నమ్మరాదు. పెడళ్ల రబ్బరు, బ్రేకు లీవరు, సీటు చెప్పు వయస్సును నమ్మవలెను. చక్రము ఎత్తి త్రిప్పినచో బ్రేకు రాచుకొనరాదు. రాచుకొను బ్రేకు, వదులైన చైను, గాలి తగ్గిన టైరు ఈ మూడును కలిసి పెట్రోలును దొంగిలించును. అరిగిన టైర్లతో, పట్టని బ్రేకులతో పొదుపు చేయుట మాత్రము పొదుపు కాదు. 2022లో దేశములో రోడ్డు ప్రమాదములలో మరణించిన 1,68,491 మందిలో వందకు నలుబదినలుగురికి పైగా ద్విచక్ర వాహనములపై పోవువారే. ఏనుగునిచ్చి అంకుశము దగ్గర తగవులాడినట్లు, బండి కొని హెల్మెటు దగ్గర వెనుదీయు వారిని ఏమనవలెను?

ఇక అన్నిటికన్న ముఖ్యమైనది కాగితము. పరిచయస్థుల నడుమ బండి చేతులు మారునప్పుడు సొమ్ము ఇచ్చి, తాళము పుచ్చుకొని, "ఆర్సీ సంగతి తరువాత చూచుకొందము" అనుకొనుట పరిపాటి. ఆ 'తరువాత' ఎన్నటికిని రాదు. మోటారు వాహనముల చట్టము ప్రకారము అమ్మినవాడు పదునాలుగు దినములలోను, కొన్నవాడు ముప్పది దినములలోను రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయవలెను. తెలియజేయనిచో ఏమగునో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టముగా చెప్పినది. ఒక వాహనము వరుసగా పలువురి చేతులు మారినను ఆర్సీలో పేరు మొదటివానిదే యుండెను, ప్రమాదము జరిగినది, నష్టపరిహారపు బాధ్యత ఆర్సీలో పేరున్న వానిదేయని తీర్పు వచ్చినది.

దీని భావమును మన ఊరి మాటలో చెప్పుకొందము. ఒక రైతు తన పాత బండిని పదివేలకు అమ్మి, కాగితము మార్చక మరచినాడనుకొందము. రెండేండ్ల తరువాత ఎవరో దానిని నడుపుచు ఎవరికో తగిలించిరి. ఇన్సూరెన్సు లేదు. అప్పుడు లక్షల రూపాయల నష్టపరిహారమునకు నోటీసు వచ్చునది ఆ రైతు ఇంటికే. పదివేలకు బండినమ్మినవాడు పొలమునకు ముప్పు తెచ్చుకొన్నాడు. చచ్చినవాని కుటుంబమునకు కూడ ఇది మేలు కాదు. ఇన్సూరెన్సు ఉన్నచో త్వరగా దొరకవలసిన సొమ్ము, నిరుపేద యజమాని వద్ద ఏండ్ల తరబడి వసూలు కాకుండును. డెబ్బదియైదు మొదలు నూటయేబది సీసీల వరకు గల బండ్లకు ఎదుటివారి నష్టమునకు వర్తించు ఇన్సూరెన్సు ప్రీమియము 2022లో నిర్ణయమైనది 714 రూపాయలు. పైన లెక్కించిన ఒక్క నెల మిగులు దానికి సుమారు సరిపోవును.

ఫైనాన్సుపై కొన్న బండియైనచో అప్పు తీరినట్లు పత్రము చూడక పైకము ఇవ్వరాదు. రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును గనుక, ఏపీ 36 బండి కొనువాడు ఆర్సీలోని తేదీని చదివి, పునరుద్ధరణ వ్యయమును కూడ వెలలో చేర్చుకొనవలెను. ఒకప్పుడు ఈ పనులకు జిల్లా కేంద్రమనగా వరంగల్లు, నేడది జనగామ. దూరమను సాకు తగ్గినది; అలసత్వము మాత్రమే మిగిలినది.

చివరకొక మాట. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితమైనది. ఇల్లాలు బస్సులో పోగల చోటికి ఆమెను బండిపై తీసికొనిపోవుట ఇంటి లెక్కలో ఇప్పుడు అదనపు ఖర్చే. సకాలమునకు బస్సున్న చోట పెట్రోలు తనంతట తానే మిగులును. కావున ప్రజల పెట్రోలు భారమును తగ్గింపదలచిన ప్రభుత్వములు పన్నును గూర్చి ఆలోచించుటతోపాటు, సంధ్యవేళ ఊరికి తిరిగివచ్చు బస్సును గూర్చియు ఆలోచింపవలెను.

అంతవరకు సామాన్యునకు బండి తప్పదు. తన దూరమునకు తగినది, తన ఊరి మెకానిక్కుకు లొంగునది, తన పేరున కాగితము వచ్చినది ఏదియో అదియే అగ్గువ బండి. మిగిలినవన్నియు, ఎంత తక్కువకు దొరికినను, ప్రియమైనవే.