మామోగ్రాంలో కనిపించిన సున్నం రిపోర్టులో ఎందుకు ఉండదు?

మామోగ్రాం తీయించుకున్న స్త్రీ ఆ రిపోర్టులో వెదికేది ఒక్కటే: క్యాన్సర్ ఉందా, లేదా? లేదని తెలియగానే కాగితం బీరువాలోకి చేరుతుంది. అదే ఫిల్ములో రొమ్ములోని ధమనుల గోడలు సున్నం పట్టి, రైలు పట్టాల వలె రెండు సమాంతరమైన తెల్లని గీతలుగా కనిపిస్తూ ఉండవచ్చు. రేడియాలజిస్టు వాటిని చూస్తారు. క్యాన్సర్ కాదని నిర్ధారించుకొని చాలాసార్లు రాయకుండా వదిలేస్తారు. రాసినా "హానికరం కాని కాల్షియం" అనే ముక్కతో సరిపెడతారు. రొమ్ము వరకు ఆ మాట నిజమే. కానీ ఆ రొమ్ము వెనుక గుండె కూడా ఉన్నది కదా! ప్రపంచమంతటా స్త్రీలను అత్యధికంగా బలిగొంటున్నది రొమ్ము క్యాన్సర్ కాదు, గుండె, రక్తనాళాల జబ్బులే. అందువల్ల ఈ మౌనం తప్పని నా వాదం.

అమెరికాలో ఉత్తర కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటె సంస్థ పరిశోధకులు 60 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్న, ముట్లుడిగిన 5,059 మంది స్త్రీలను సుమారు ఆరున్నర సంవత్సరాలు గమనించి, 2022లో ఫలితాలు ప్రకటించారు. నలుగురిలో ఒకరికి ఈ సున్నపు గీతలు ఉన్నాయి. వయసు, మధుమేహం, రక్తపోటు వంటివాటి ప్రభావాన్ని మినహాయించిన తరువాత కూడా, గీతలున్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి ఉపద్రవాల ముప్పు 51 శాతం ఎక్కువగా తేలింది. 51 శాతమంటే సగం మందికి గుండెపోటు వస్తుందని కంగారు పడవద్దు. నూటికి నలుగురికి రావలసిన చోట ఆరుగురికి రావడం వంటిదని గ్రహించండి.

దీనికి వైద్యులు చెప్పే అభ్యంతరం ఒకటున్నది. గుండె ధమనులలో కొవ్వు, సున్నం పేరుకొనేది లోపలి పొరలో. రొమ్ము ధమనులలో సున్నం పట్టేది మధ్య పొరలో. రెండూ ఒకే జబ్బు కానప్పుడు దాన్ని చూసి దీన్ని ఎట్లా చెబుతారని ప్రశ్న. ప్రశ్న శాస్త్రీయమైనదే. అయితే ఒక చిహ్నం పనికి రావడానికి అది జబ్బే అయి ఉండనక్కరలేదు. కంటి వెనుక పొరలోని రక్తనాళాలను చూసి రక్తపోటు ఎంత చెరుపు చేసిందో మనం అంచనా కట్టడం లేదా?

"చెబితే భయపడతారు" అన్నది రెండో అభ్యంతరం. క్యాన్సర్ పరీక్షకు వచ్చి నిలబడిన స్త్రీకి భయమంటే ఏమిటో మనం నేర్పనక్కరలేదు. రొమ్ము సాంద్రత ఎంతో ప్రతి స్త్రీకీ తెలియజేయాలని అమెరికా ప్రభుత్వం 2024 సెప్టెంబరు నుంచి నిబంధన అమలు చేస్తున్నది. సాంద్రత చెప్పదగినదైతే సున్నం ఎందుకు కాదు?

నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం మూడోది. మన నగరాలలో ఆ ఒక్క వాక్యం రాయగానే దాని వెంట ఏ లక్షణమూ లేని స్త్రీకి సీటీ స్కాన్, తరువాత యాంజియోగ్రాం, ఆ తరువాత స్టెంటు వరుసకడతాయేమోనన్న అనుమానం. అనుమానానికి కారణం లేకపోలేదు. హెల్త్ చెకప్ ప్యాకేజీల ప్రకటనలు చూస్తున్నవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. కానీ వ్యాపారానికి వెరచి రోగికి నిజం దాచడం వైద్యం కాదు. రాయవలసిన వాక్యంలోనే తరువాతి కర్తవ్యమూ ఉండాలి: "ధమనులలో సున్నం కనిపిస్తున్నది, రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ పరీక్షించుకొని ఫిజీషియన్‌ను కలవండి." అంతే. గర్భిణిగా ఉన్నప్పుడు రక్తపోటు గాని, మధుమేహం గాని వచ్చిందా, ముట్లు త్వరగా ఆగిపోయాయా అని ఆ ఫిజీషియన్ తప్పక అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి. స్టాటిన్ మాత్ర అవసరమా అన్నది వీటన్నిటినీ కలిపి నిర్ణయించేది. గీతలను మాత్రమే చూసి కాదు.

కృత్రిమ మేధ సంగతీ వింటున్నాము. ఆస్ట్రేలియాలో 49,196 మంది స్త్రీల మామోగ్రాములపై అటువంటి ప్రోగ్రామును పరీక్షించి 2025లో ప్రచురించారు. కేవలం చిత్రం, వయసు ఆధారంగా అది ముప్పును బాగానే అంచనా వేసింది. మంచిదే. అయితే రైలు పట్టాలను గుర్తించడానికి కంప్యూటరు కోసం ఎదురుచూడనక్కరలేదు, కళ్లు చాలు.

అమెరికాలో ఉన్న మన ఆడపడుచులు 40 దాటాక రెండేళ్లకొకసారి మామోగ్రాం తీయించుకోవాలన్నది అక్కడి సిఫారసు. వారు పాత ఫిల్ముల గురించి కూడా ఈ ప్రశ్న అడగవచ్చు. మన పల్లెలలో 30 దాటినవారికి ప్రభుత్వ కార్యక్రమం కింద జరిగేది చేతితో రొమ్ము పరీక్ష మాత్రమే. దానితోపాటే రక్తపోటు, చక్కెర కూడా చూస్తారు; ఆ రెండూ వదులుకోకండి. గుండె కోసమని ప్రత్యేకంగా మామోగ్రాంకు మాత్రం వెళ్లవద్దు. దానికి చవకైన పరీక్షలున్నాయి.

ఇక గీతలు లేవని రిపోర్టు వచ్చినవారు గుండెకు ఢోకా లేదనుకొని రక్తపోటు మాత్రలు మానేయకూడదు. గీతలు లేని స్త్రీలకూ గుండెపోటు వస్తుంది, అదీ ఆయాసంగానో, దవడనొప్పిగానో, మనం "గ్యాస్" అని తోసిపుచ్చే ఛాతీ మంటగానో.