రేడియేటర్‌లో పసుపు వద్దు, సైకిల్ ట్యూబు దగ్గర పెట్టుకోండి

ఈసారి విత్తనాలు, కషాయాలు కాదు, బండి గురించి. ఎంత బాగా పండించినా ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ చేరకపోతే మన ఆకుకూర మేకల పాలే. మా డీజిల్ వ్యాన్‌కి పదిహేనేళ్లు దాటాయి. మొన్న చిట్యాల దాటానో లేదో, బానెట్ సందుల్లోంచి ఒకటే ఆవిరి. వెనక పాలకూర, తోటకూర, 6 క్రేట్ల టమాటా.

ఒక లారీ డ్రైవరన్న ఆగి, "గుప్పెడు పసుపు పొయ్యన్నా, కారుడు బందైతది" అన్నాడు. అబద్ధం కాదండీ. రంధ్రం చిన్నదైతే పొడి ఉబ్బి, అందులో ఇరుక్కుని నిజంగానే ఆపుతుంది. కానీ ఏది రంధ్రమో, ఏది రేడియేటర్‌లోని సన్న గొట్టమో పసుపుకి ఏం తెలుసు? జీవామృతం సరిగ్గా వడకట్టకుండా డ్రిప్పులో వదిలితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా! కోడిగుడ్డు సొన కూడా అంతే. రెండేళ్ల కింద నేనూ పసుపు వేసి ఇల్లు చేరినవాణ్ణే. తర్వాత రేడియేటర్ విప్పించి కడిగించిన డబ్బులతో కొత్త హోస్ పైపులు నాలుగు వచ్చేవి.

అందుకే ఈసారి ముందు ఊరికే కూర్చున్నా. ముప్పావుగంట. వేడి మీద మూత తీయొద్దు, గుడ్డ కప్పి తిప్పినా తీయొద్దు. లోపల నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి కాబట్టే 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీసిన క్షణం ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

చల్లారాక చూస్తే పై హోస్ క్లిప్పు దగ్గర చీలింది. కొత్తిమీర కోసే కొడవలితో చీలిన కొసను అంగుళం కోసేసి, మిగతాది ముందుకు లాగి క్లిప్పు బిగించా. పైపు పొడవు సరిపోతే ఇంతకంటే మంచి పని లేదు. చీలిక మధ్యలో ఉంటే పైపుని పొడిగా తుడిచి, సైకిల్ ట్యూబు పట్టీని బాగా సాగదీస్తూ, చుట్టు మీద చుట్టు వచ్చేలా చీలికకి అటు రెండంగుళాలు ఇటు రెండంగుళాలు చుట్టి, తీగతో కట్టాలి (వీడియోలో నిదానంగా చూపించాను). కరెంటు టేపు మాత్రం వేడికి జారిపోతుంది. ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే ఎం-సీల్ పనిచేస్తుంది, కాకపోతే గరుకు కాగితంతో రుద్ది, తడి లేకుండా చేసి, గట్టిపడేదాకా ఓపిక పట్టాలి.

మూతని మొదటి గాడి వరకే బిగిస్తే ఒత్తిడి పెరగదు, కారడం తగ్గుతుంది. కానీ అప్పుడు నీళ్లు 100 దగ్గరే మరుగుతాయి కాబట్టి మెల్లగా నడుపుతూ, మధ్యమధ్యలో ఆపి చూసుకోవాలి. ముల్లుని నమ్మొద్దు. నీళ్లు బాగా తగ్గిపోతే సెన్సర్‌కి నీరు తగలక, ఇంజను కాలిపోతున్నా ముల్లు మామూలుగానే ఉండొచ్చు. మా నల్గొండ బోరు నీళ్లు అత్యవసరానికి సరే, అలాగే వదిలేస్తే లోపల సున్నం కడుతుంది. ఇక వాటర్ పంపు దగ్గర కారుతున్నా, ఇంజనాయిల్ మూత కింద పాలమీగడలాంటిది కనిపించినా, ట్యూబులు, సీల్‌లు పక్కన పెట్టి బండిని కట్టి లాక్కెళ్లడమే.

నా గొడవ ఏంటంటే, పెట్టుబడి లేని సేద్యం చేస్తున్నామని బండికి కూడా పైసా పెట్టం. ఆ ట్యూబు కట్టుతోనే సీజనంతా తిప్పుతాం. కట్టు సంత నుంచి ఇల్లు చేరడానికి. ఆ మరుసటి రోజే కొత్త పైపు వేయించాలి. కారే కూలెంట్ మన దొడ్లోనే పడుతుంది కదా! చాలా కూలెంట్లలో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, కుక్కలు, పశువులు నాకుతాయి, కిడ్నీలు పోతాయి.

ఇది తెలిసీ నేనే తప్పు చేశాను. కొత్త పైపు వేసేముందు పాత కూలెంట్‌ని తట్టలోకి దింపి, కొట్టం పక్కన పెట్టి ఫోను మాట్లాడుతున్నా. దూడ వచ్చి మూతి పెట్టబోయింది. మా అమ్మ చూసి పలుపు పట్టి లాగింది కాబట్టి సరిపోయింది. ఇంటికి గోమూత్రం కోసం దేశీ ఆవుని తెచ్చుకుని, దాని దూడకి నా చేత్తో విషం పెట్టేవాణ్ణి.

ఇప్పుడు మూత ఉన్న క్యానులో పట్టి మెకానిక్‌కి ఇస్తున్నా. "దీన్నేం చేస్తారన్నా?" అని అడిగితే రోడ్డు పక్క కాలువ వైపు చెయ్యి చూపించాడు. ఆ కాలువ పోయేది మా ఊరి చెరువులోకే. క్యాను ఇంటికే తెచ్చి అటక మీద పెట్టా. మీ దగ్గర దీనికి ఏదైనా దారి దొరికి ఉంటే చెప్పండి.