ముందు నెత్తురు చూడండి

పసిపిల్లల్లో తిండి రుగ్మతలు పెరిగిపోతున్నాయన్న మాట టీవీ చర్చల నుంచి బడి మీటింగుల దాకా నలుగుతోంది. పిల్ల ముద్ద మింగకపోతే చాలు, అది మనసు జబ్బనో, ఫోన్ పిచ్చనో, తల్లి గారాబమనో తేల్చేస్తున్నారు. ఆ తీర్పును నల్లమల అడవుల్లోని అమ్రాబాద్ మండలానికీ వర్తింపజేయడం అన్యాయం.

పెరిగినట్టు లెక్కలున్నది వేరే వాటికి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత 2015-16లో 60.7 శాతం, 2019-20లో 70 శాతం. ఎత్తుకు తగ్గ బరువు లేని పిల్లలు 18 శాతం నుంచి 21.7 శాతానికి చేరారు. తిండి రుగ్మతల సంగతి ఆ సర్వే అడగనే లేదు.

నెత్తురు తక్కువైన పిల్లకు ఆకలి మందగిస్తుంది. కొందరు పిల్లలు గోడకు పూసిన ఎర్రమన్ను గీక్కుని తింటారు, పొయ్యిలో బొగ్గు ఏరి నోట్లో వేసుకుంటారు. వైద్యులు దీన్ని పైకా అంటారు, తిండి రుగ్మతల జాబితాలోనే చేర్చారు. ఐరన్ లోపానికీ దీనికీ ఉన్న సంబంధం వాళ్లకు కొత్త కాదు. ఆ మన్నుతో ఏలికపాముల గుడ్లు కడుపులో చేరితే, తిన్న కాస్త తిండీ వాటి పాలవుతుంది. అలాంటి బిడ్డను వీపు మీద చరిచినా, పక్కన కూర్చోబెట్టి బుద్ధులు చెప్పినా ఏం లాభం?

అంగన్‌వాడీలో జబ్బకు చుట్టే టేపు చూడండి. ఆరు నెలలు దాటి ఐదేళ్లు నిండని బిడ్డకు కొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎరుపు, అంటే తీవ్ర పోషకాహార లోపం. ఆ స్థితికొచ్చిన పిల్లల్లో కొందరు పోషకాహార ముద్ద నోటిదాకా తెచ్చినా మొహం తిప్పేసుకుంటారు. అది మారాం కాదు, ప్రమాద సూచన. అందుకే ఆకలి ఉందో లేదో పరీక్షించాకే ఇంటి దగ్గర చూసుకోవచ్చా, ఆసుపత్రిలో చేర్చాలా అన్నది నిర్ణయిస్తారు.

1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచు గిరిజనుల మధ్య గడిపిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, 1943లో అచ్చయిన తన పుస్తకంలో అడవి గడ్డలు, పండ్లతో బతికే జనాన్ని చూపించాడు. ఇప్పుడు పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, కడుపు నింపేది ఎక్కువగా రేషన్ బియ్యమే. ఒక్క బిడ్డ కోసం అంగన్‌వాడీ ఇచ్చిన బాలామృతం పోషకాహార పొడి ప్యాకెట్‌ను ఇంట్లో పిల్లలంతా పంచుకుంటే, తప్పు తల్లిదా?

కోవిడ్ తర్వాత ఇంగ్లండ్‌లో తిండి రుగ్మతల చికిత్సకు వచ్చేవాళ్లు పెరిగిన మాట నిజం. వాళ్లలో ఎక్కువమంది కౌమారంలో ఉన్న ఆడపిల్లలు, పసివాళ్లు కారు. తిండికి దూరంగా ఉండేవాళ్ల కోసం అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో కొత్త రుగ్మతను జాబితాకెక్కించింది. తిండి దొరక్కపోవడమే కారణమైతే ఆ పేరు పెట్టకూడదని అందులోనే షరతు ఉంది. ఆ షరతును మన చర్చల్లో ఎత్తేవాళ్లేరి?

నిజంగా ఆ జబ్బున్న పిల్లలు ఉన్నారు, వాళ్లకు నిపుణులు కావాలి. కానీ అమ్రాబాద్ మండలంలోని మన్ననూరు చుట్టుపక్కల పెంటల నుంచి వచ్చే బిడ్డకు మొదట హిమోగ్లోబిన్ పరీక్ష, నులిపురుగుల మందు, ఐరన్ చుక్కలు, రోజూ ఒక గుడ్డు అందాలి. ఇవన్నీ అందాక కూడా తినకపోతే, అప్పుడు మానసిక వైద్యుడి దగ్గరికి పంపండి, దారి ఖర్చులు ప్రభుత్వమే పెట్టుకోవాలి.