కాలేయం దెబ్బతింటే ఔషధం తీరు మారుతుంది

మనం మింగే మాత్రల్లో చాలావాటిని, అవి పని ముగించి శరీరం నుంచి వెలుపలికి పోయే ముందు కాలేయం మార్పు చేయవలసి ఉంటుంది. ఈ బాధ్యత ప్రధానంగా సైటోక్రోమ్ పి-450 అనే ఎంజైముల కుటుంబానిది. మద్యం ఈ వ్యవస్థను రెండు విధాలుగా దెబ్బతీస్తుంది.

నిత్యం తాగేవారిలో మొదట సివైపి2ఇ1 అనే ఎంజైము పెరుగుతుంది. పారాసెటమాల్‌లో కొంత భాగాన్ని విషపదార్థంగా మార్చేది ఇదే. ఆ విషాన్ని అణచే గ్లూటాథయోన్ నిల్వలు తాగుడు వల్లా, సరైన ఆహారం లేకపోవడం వల్లా తరిగిపోతాయి. అందుకే ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 4 గ్రాముల వరకు అనుమతించే పారాసెటమాల్‌ను ఇలాంటివారికి వైద్యులు సాధారణంగా 2 గ్రాములకు పరిమితం చేస్తారు.

వ్యాధి ముదిరి సిర్రోసిస్‌గా మారినప్పుడు పరిస్థితి తారుమారవుతుంది. కణాలు నశిస్తాయి, కొంత రక్తం కాలేయ కణాలను తాకకుండానే పక్కదారిన పోతుంది. ఎంజైములు క్షీణిస్తాయి గాని, అన్నీ సమానంగా కాదు. డయాజెపామ్ వంటి నిద్రమాత్ర శరీరంలో ఎక్కువకాలం నిలిచి, మగతకూ మతిభ్రమణకూ, ఒక్కోసారి స్పృహ కోల్పోవడానికీ దారితీస్తుంది. వేరొక మార్గంలో మార్పు చెందే లోరాజెపామ్‌పై ఈ ప్రభావం తక్కువ. అయినా దానిని సొంతంగా వాడడం క్షేమం కాదు. ఇక ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు సిర్రోసిస్ రోగుల మూత్రపిండాలను దెబ్బతీయగలవు, రక్తస్రావానికి కారణం కాగలవు.

మూత్రపిండాల జబ్బులో రక్తంలోని క్రియాటినిన్‌ను బట్టి మోతాదు సవరించవచ్చు. కాలేయం విషయంలో మోతాదును అలా నిర్ణయించే ఒకే పరీక్ష లేదు. కాబట్టి రోగి చెప్పే మాటకు ఎంతో విలువ ఉంది.

మద్యం నిషిద్ధమైన మన ఇళ్లలో ఈ మాటే గొంతు దాటదు. కుటుంబ పరువు కోసం భార్య దాస్తుంది, తల్లి దాస్తుంది. ఇరుగుపొరుగు వద్ద లోపాన్ని కప్పి ఉంచడం మర్యాదే. వైద్యుని వద్ద కప్పిపుచ్చితే ప్రాణానికే ముప్పు. “ఎన్నడో మానేశాడు కదా” అని ఊరుకోవడమూ సరికాదు. మానేసిన కొద్ది రోజుల్లోనే పెరిగిన ఎంజైము తగ్గుతుంది; సిర్రోసిస్ మచ్చ మాత్రం అంత తేలికగా పోదు. బాగా అలవాటుపడినవారు హఠాత్తుగా మానడమూ ప్రమాదమే, అదీ వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి.

కాబట్టి పాఠకులకు మేము చేసే మనవి ఒక్కటే: ఏ మాత్ర రాయించుకునే ముందైనా తాగుడు సంగతి వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పండి. అవసరమైతే ఆయనతో ఏకాంతంగా మాట్లాడండి.