పళ్లకు పళ్లే కాపలా!

నేరేడు పళ్లు తిన్నాక నాలుక బయటపెట్టి, ఎవరిది ఎక్కువ ఊదాగా మారిందో చూసుకోవడం పిల్లలకు సరదా. ఆ రంగు ఆంథోసయనిన్లది. నల్లద్రాక్ష, దానిమ్మల్లోనూ ఉండేవి అవే. ఇలాంటి రంగు పదార్థాలు, వాటి చుట్టాలైన ఇతర పాలీఫినాల్స్ పళ్లు పుచ్చకుండా ఆపగలవా అని శాస్త్రవేత్తలు చాలాకాలంగా పరిశోధిస్తున్నారు.

అదెలాగో తెలియాలంటే ముందు పన్ను ఎందుకు పుచ్చుతుందో చూడాలి. మన నోట్లో స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. మనం తిన్న చక్కెరతో అది రెండు పనులు చేస్తుంది. ఒకటి, ఆమ్లం తయారీ. పాచిలో పీహెచ్ సుమారు 5.5 కన్నా తగ్గితే ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. రెండోది, గ్లూకాన్ అనే జిగురు తయారీ. మైదా జిగురుతో గోడకు సినిమా పోస్టర్ అంటించినట్టు, దీంతో బ్యాక్టీరియా పంటికి అతుక్కుంటుంది.

మొక్కల్లోని పదార్థాలు దెబ్బతీసేది ఈ జిగురునే! అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో క్రాన్‌బెర్రీ రసంపై ఫలితాలు ప్రచురించారు. జిగురును తయారుచేసే ఎంజైమ్ పనిని ఆ రసం తగ్గించింది. జిగురు లేకపోతే బ్యాక్టీరియాకు పంటిమీద పట్టు దొరకదు. తేయాకులోని కాటెకిన్లు, టీకి ఎర్రటి రంగునిచ్చే థియాఫ్లావిన్లు కూడా ప్రయోగశాలలో ఇలాంటి గుణమే చూపాయి.

మన పసుపుదీ ఓ ప్రత్యేకతే. అందులోని కర్క్యుమిన్ మీద నీలికాంతి పడితే, బ్యాక్టీరియాను చంపే చురుకైన ఆక్సిజన్ పుడుతుంది. దీన్ని దంత చికిత్సలో వాడుకునే మార్గాలపై పరిశోధనలు జరుగుతున్నాయి. అలాగని ఇంట్లో పసుపుతో పళ్లు తోముకుంటే ఆ ఫలితం రాదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ ఫలితాల్లో ఎక్కువ భాగం ప్రయోగశాలవి. నోట్లో రసం నిలిచేది కొన్ని క్షణాలే. పైగా సీసాల్లో అమ్మే పళ్లరసాల్లో చక్కెరా ఉంటుంది, పులుపూ ఉంటుంది. రెండు చెంచాల పంచదార వేసిన టీ సంగతీ అంతే. జిగురును ఆపే పదార్థంతోపాటు, జిగురుకు కావలసిన ముడిసరుకునూ మనమే అందిస్తున్నాం!

'పాలపళ్లే కదా, ఊడిపోయేవే' అనుకునే తల్లిదండ్రులకు మరో మాట. వెనక నుంచి వచ్చే శాశ్వత దంతాలకు చోటు కాపాడేవి ఆ పాలపళ్లే. పుచ్చి ముందే ఊడిపోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరుగుతాయి. కొత్త పన్ను వంకరగా వస్తుంది.

అందుకే...

* రసం బదులు పండే ఇవ్వండి. అదీ భోజనంతోపాటు అయితే మేలు.
* తిన్నాక మంచినీళ్లతో పుక్కిలించమనండి. పుల్లటివి తింటే అరగంట ఆగి బ్రష్ చేయించండి.
* టీలో పంచదార తగ్గించండి. మానేస్తే మరీ మంచిది.
* ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమించండి. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత పేస్టు చాలు.
* పంటిమీద తెల్లమచ్చ, నల్లచుక్క కనిపిస్తే నొప్పి వచ్చేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి.

నేరేడు పళ్లు నిక్షేపంగా తిననివ్వండి. రాత్రి పడుకోబోయే ముందు బ్రష్ చేయించడం మాత్రం మరవకండి.