రిటైర్మెంటు ఎవరికి?

చదువుకున్న పిల్లలు విశాఖకో హైదరాబాదుకో వెళ్ళిపోగా, పెద్దవాళ్ళే మిగిలిన ఇళ్ళు శ్రీకాకుళం జిల్లాలో ఎన్నో ఉన్నాయి. ఉద్యోగ విరమణ తర్వాత స్థిరపడటానికి ఎచ్చెర్ల లాంటి చిన్న ఊరు మంచిదేనా? మంచిదనేవారి వాదనలో బలముంది. ఊరు జాతీయ రహదారి మీద ఉంది. శ్రీకాకుళంలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గరే. 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చింది. విశాఖ కంటే ఖర్చు తక్కువ.

అయితే ఈ లెక్క ఎక్కువగా వేసేది జీతం తీసుకున్న మగవాడు. 2022లో రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 62 ఏళ్ళయింది. వంటకీ, మంచాన పడ్డ భర్త సేవకీ, వలస పోయిన కొడుకు పిల్లల పెంపకానికీ విరమణ వయసు ఎవరు పెట్టారు? కూలికి వెళ్ళిన స్త్రీకి మిగిలే ఆధారం సామాజిక పింఛను. 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. సాధారణంగా ఇంటికొకటే, భర్త పేర ఉంటే, అతను బతికుండగా ఆమెకు వేరేగా రాదు.

ఇక ఇల్లు. కొడుకుకి రాసిచ్చేసిన తల్లికి 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూడకపోతే ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. ఆ షరతు దస్తావేజులో రాయించాలని మనమే చెప్పాలి.

ఇల్లు ఆమె పేర ఉందా? డబ్బు ఆమె చేతికి వస్తోందా? అర్ధరాత్రి ఆమె ఒక్కతే ఆసుపత్రికి చేరగలదా? ఈ మూడింటికీ అవునన్నప్పుడే ఆ ఊరు ముసలితనానికి మంచిది.